లౌడుస్పీకరును కొలుచుట ఎట్లు?

గౌతమీ వసిష్ఠ గోదావరుల నడుమనున్న కోనసీమలో, కొత్తపేట మండలమునకు చెందిన గ్రామము పలివెల. కొప్పులింగేశ్వరస్వామి ఆలయము వలన ఈ గ్రామము పేరు పొందినది. ఇట్టి గ్రామములో ఒకే లౌడుస్పీకరును మూడు చోట్ల ఉంచి, ఒకే పాటను ఒకే బిగ్గరతో మ్రోయించితిమనుకొందము. రాతి మంటపములో మ్రోయించినచో శబ్దము నిండుగా, కాని మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు వినబడును. కోత కోసిన వరిచేనిలో మ్రోయించినచో మాటలు విడివిడిగా తెలియును గాని శబ్దము పలుచబడినట్లుండును. కొబ్బరితోటలో మ్రోయించినచో ఈ రెంటికిని భిన్నమైన మరియొక తీరున ఉండును. యంత్రము మారలేదు, పాట మారలేదు. మరి ఈ మూడింటిలో ఆ లౌడుస్పీకరు యొక్క అసలు గొంతు ఏది?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది. బియ్యమును తూచుటకు తక్కెడ చాలును. గుడ్డను కొలుచుటకు గజబద్ద చాలును. లౌడుస్పీకరును కొలువబోయినప్పుడు మాత్రము, దానితోపాటు చుట్టునున్న గోడలు, నేల, గాలి, చివరకు కొలిచెడి పరికరము కూడ కొలతలోనికి వచ్చి కూర్చుండును. వీనిని ఒక్కొక్కటిగా వేరుచేసిన కథయే లౌడుస్పీకరు కొలత చరిత్ర.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణమున తీరమును దాటిన తుఫాను కోనసీమను అతలాకుతలము చేసెను. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. లెక్కకు మించిన కొబ్బరిచెట్లు నేలకూలినవి. అట్టి సమయములలో గ్రామమునకు హెచ్చరిక తెలుపు సాధనములలో లౌడుస్పీకరు ఒకటి. అది ఎంత దూరము వినబడును, ఎంత స్పష్టముగా వినబడును అను విషయము దానిపై వ్రాసియున్న అంకెలను బట్టి ముందుగా నిర్ణయింపవలసియుండును. ఆ అంకె తప్పైనచో కష్టము వచ్చువరకు ఆ తప్పు బయటపడదు.

యంత్రము పుట్టుక

పెద్ద సభకు యంత్రముతో ఉపన్యాసము వినిపించిన తొలి సంఘటనలలో ప్రసిద్ధమైనది 1919లో అమెరికాలోని శాన్ డియాగో నగరమున జరిగినది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ప్రసంగమును, జెన్సెన్, ప్రిడ్‌హాం అను ఇద్దరు నిర్మించిన మాగ్నవాక్స్ లౌడుస్పీకర్లు వేలాది జనమునకు అందజేసినవి. అవి బాకా ఆకారము గలవి. నేడు మన ఊళ్ళలో జాతరలకు, సభలకు కట్టెడి బాకా లౌడుస్పీకర్లు ఆ వంశమునకు చెందినవే.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు బాకా లేని లౌడుస్పీకరును వివరించుచు ఒక పత్రమును ప్రకటించిరి. కాగితపు శంకువు, దాని మెడకు అతికిన సన్నని తీగచుట్ట, ఆ చుట్ట కదలుటకు బలమైన అయస్కాంత క్షేత్రము, ఇవి దాని ముఖ్యభాగములు. తీగచుట్టలో విద్యుత్తు మారుచున్నకొలది శంకువు ముందుకు వెనుకకు కదలి గాలిని నెట్టును. నేటి రేడియోలలోను, టెలివిజనులలోను, సినిమాశాలలలోను ఉన్న లౌడుస్పీకర్లలో అత్యధికభాగము నేటికిని ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

మన ప్రాంతములో టాకీలు, రేడియో వచ్చిన తరువాతనే ఈ యంత్రము ప్రజలకు పరిచితమైనది. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రారంభమైనవి. ఒక లౌడుస్పీకరు మంచిదా కాదా అని చెవితో చెప్పుట అందరును చేయు పనియే. కాని ఇద్దరి చెవులు ఒక తీరుగా తీర్పు చెప్పవు. ఒకే మనిషి చెవి కూడ నిన్న విన్నదానిని నేటితో సరిపోల్చలేదు. కనుక చెవికి బదులుగా ఒక కొలతబద్ద కావలసివచ్చెను.

కొలతబద్దను కొలుచుట

శబ్దమనగా గాలిలో కలుగు పీడనపు హెచ్చుతగ్గులు. ఈ హెచ్చుతగ్గులు మిక్కిలి స్వల్పములు. గాలి పీడనము సుమారు 1,00,000 పాస్కలులు. ఆరోగ్యవంతమైన చెవి వినగలిగిన అతి మెల్లని శబ్దమునందు పీడనములోని మార్పు 20 మైక్రోపాస్కలులు మాత్రమే, అనగా గాలి పీడనములో ఐదు వందల కోట్లవ వంతు. ఈ 20 మైక్రోపాస్కలులనే సున్న డెసిబెలుగా తీసికొందురు. పీడనము పదిరెట్లు పెరిగినచో 20 డెసిబెళ్ళు పెరిగినట్లు లెక్క. ఒక పాస్కలు పీడనము 94 డెసిబెళ్ళు.

ఇంత స్వల్పమైన దానిని నిజముగా కొలిచిన తొలి సాధనములలో ఒకటి 1882లో రాలే ప్రభువు కనిపెట్టిన బిళ్ళ. సన్నని దారమునకు ఒక తేలికైన బిళ్ళను వ్రేలాడదీసి, శబ్దము వచ్చు మార్గములో ఏటవాలుగా నిలిపినచో, గాలికణముల కదలికకు ఆ బిళ్ళ అడ్డముగా తిరుగుటకు యత్నించును. ఎంత తిరిగినదో చూచి శబ్దమెంతయో లెక్కకట్టవచ్చును. కాని చిన్న గాలి వీచినను బిళ్ళ కదలును. ప్రయోగశాలలో ఓర్పుగల నిపుణునికే అది లొంగును.

1917లో అమెరికాలో వెంటీ అను శాస్త్రజ్ఞుడు కండెన్సరు మైక్రోఫోనును ప్రకటించెను. బిగించిన పలుచని లోహపు పొర, దాని వెనుక అతి దగ్గరగా ఒక పలక. శబ్దమునకు పొర కదలినప్పుడు రెంటి నడుమనున్న విద్యుద్ధారణ సామర్థ్యము మారును. పౌనఃపున్యము ఏదైనను ఇంచుమించు ఒకే తీరున స్పందించుట దీని గొప్ప గుణము. నేటికిని ప్రమాణమైన కొలతలకు ఈ జాతి మైక్రోఫోనునే వాడుదురు.

అయితే మైక్రోఫోను సరియైనదని ఎట్లు తెలియును? దానిని పరీక్షించుటకు తెలిసిన శబ్దము కావలెను. శబ్దము తెలియుటకు సరియైన మైక్రోఫోను కావలెను. ఈ చిక్కుముడిని 1940లో మాక్లీన్, ఆ వెనువెంటనే అమెరికా ప్రమాణముల సంస్థకు చెందిన కుక్ విప్పిరి. కండెన్సరు మైక్రోఫోనును తలక్రిందులుగా వాడి, దానికి విద్యుత్తునిచ్చి శబ్దము పుట్టింపవచ్చును. మూడు మైక్రోఫోనులను తీసికొని, రెండేసిగా జతపరచి, ఒకటి పలుకగా ఒకటి వినునట్లు చేసినచో మూడు సమీకరణములు వచ్చును. వీనిలో తెలియని రాశులు మూడే. కనుక ముందుగా తెలిసిన శబ్దము లేకయే మూడింటి విలువలును తేలును. విద్యార్థులు బీజగణితములో నేర్చెడి ఏకకాల సమీకరణముల వంటిదే ఈ ఉపాయము. మన దేశములో ధ్వని ప్రమాణములను కాపాడు బాధ్యత 1950లో ప్రారంభమైన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది.

గది చేయు మోసము

మైక్రోఫోను సిద్ధమైనది. ఇక లౌడుస్పీకరును ఒక గదిలో ఉంచి కొలిచినచో పని ముగిసినట్లే యని తోచును. కాని అసలు కష్టము ఇచ్చటనే మొదలగును.

గది శబ్దమునకు ఏమి చేయునో మొదట లెక్కకట్టి చూపినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయములోని వాలేస్ సాబిన్. 1895లో ఒక ఉపన్యాసశాలలో మాటలు అర్థము కావని ఫిర్యాదు రాగా ఆయనకు ఆ పని అప్పగింపబడెను. ఆ శాలలో శబ్దము ఆగిన తరువాత కూడ ఐదు సెకండ్లకు పైగా అనురణనము నిలిచియుండెను. ఒక అక్షరము అణగకముందే తరువాతి అక్షరములు పదునైదు ఇరువది వచ్చి దానిపై పడునన్నమాట.

పరిశీలనకు ఒక చిన్న లెక్క చూడుడు. లౌడుస్పీకరును, మైక్రోఫోనును నేలనుండి 1.2 మీటరు ఎత్తున, ఒకదాని కొకటి 1 మీటరు దూరమున ఉంచితిమనుకొందము. నేరుగా వచ్చు శబ్దము 1 మీటరు ప్రయాణము చేయును. నేలకు తగిలి పరావర్తనము చెందిన శబ్దము ఎంత ప్రయాణము చేయును? సగము దూరము అర మీటరు, ఎత్తు 1.2 మీటరు. పైథాగరస్ సూత్రము ప్రకారము కర్ణము 1.3 మీటరు. రెండు కర్ణములు కలిసి 2.6 మీటర్లు. అనగా రెండవది 1.6 మీటరు ఎక్కువ నడచి వచ్చినది.

మన ఎండకాలపు గాలిలో శబ్దవేగము సెకనుకు సుమారు 350 మీటర్లు. ఏ స్వరమునకు తరంగదైర్ఘ్యము 3.2 మీటర్లో, దానికి ఈ 1.6 మీటరు సరిగా సగము తరంగమగును. ఒకటి గాలిని నొక్కునప్పుడు రెండవది గాలిని లాగును. రెండును కొంతవరకు రద్దగును. ఆ స్వరము పౌనఃపున్యము 109 హెర్ట్జులు. దానికి రెట్టింపు పౌనఃపున్యము, అనగా 219 హెర్ట్జుల వద్ద రెండు శబ్దములును ఒకదానికొకటి తోడగును. గట్టి నేలయైనచో మొదటి చోట 4 డెసిబెళ్ళ తగ్గుదల, రెండవ చోట ఇంచుమించు 3 డెసిబెళ్ళ హెచ్చు కనబడును. ఈ 7 డెసిబెళ్ళ తేడా లౌడుస్పీకరులో లేదు. అంతయు నేల చేసిన పని. గదిలో నేలతోపాటు నాలుగు గోడలు, పైకప్పు, బల్లలు, కొలుచుచున్న మనిషి కూడ ఉందురు. ఇన్ని పరావర్తనములు కలిసినప్పుడు వచ్చు గీత రంపపు పండ్లవలె ఉండును. దానిని చూచి ఇది లౌడుస్పీకరు గుణము, ఇది గోడ గుణము అని చెప్పుట అసాధ్యము.

ఆరుబయట కొలుచుట

గోడలే చిక్కైనచో గోడలు లేని చోటికి పోవలెనని తొలి శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. మేడకప్పులపైన, స్తంభములపైన లౌడుస్పీకర్లను ఉంచి కొలిచిరి. పై లెక్కలోనే ఎత్తును 6 మీటర్లు చేసి చూడుడు. నేలకు తగిలి వచ్చు శబ్దము 12 మీటర్లు నడువవలెను. అది అంతకంతకు సన్నగిల్లి మైక్రోఫోను చేరునప్పటికి నేరుగా వచ్చినదానిలో పండ్రెండవ వంతు మాత్రమే మిగులును. అప్పుడు 7 డెసిబెళ్ళ తేడా ఒకటిన్నర డెసిబెలు లోపునకు దిగును. కొబ్బరిచెట్టంత ఎత్తుకు లేపగలిగినచో ఇంకను మేలు.

కాని ఆరుబయట వేరు కష్టములు కలవు. గాలి మైక్రోఫోను పొరను తాకినచో అది శబ్దమువలెనే నమోదగును. పక్షులు, వాహనములు, దూరపు యంత్రములు నోరు మూసికొనవు. వర్షము వచ్చినచో ఆ దినము పని లేదు. ఉదయము 20 డిగ్రీలు, మధ్యాహ్నము 38 డిగ్రీలు ఉన్నచోట శబ్దవేగము కూడ సెకనుకు 10 మీటర్లకు పైగా మారును. ఒక కర్మాగారమున దినమునకు వందల లౌడుస్పీకర్లు తయారగునప్పుడు ఇట్టి పరీక్ష సాగదు.

ప్రతిధ్వని లేని గది

ఇంటిలోపలనే ఆరుబయటను సృష్టించుట మరియొక మార్గము. గోడకు తగిలిన శబ్దము తిరిగి రాకుండ మ్రింగివేయవలెను. దుప్పట్లు, కంబళ్ళు వ్రేలాడదీసినచో హెచ్చు స్వరములు అణగును గాని తగ్గు స్వరములు చెక్కుచెదరవు. 100 హెర్ట్జుల స్వరమునకు తరంగదైర్ఘ్యము మూడున్నర మీటర్లు. అంతటి అలకు ఒక అంగుళపు గుడ్డ అడ్డు కాజాలదు.

గోడలకు లోపలివైపు మెత్తని పీచుతో చేసిన పొడవైన మేకుల వంటి ఆకారములను గుచ్చినట్లు అమర్చుట దీనికి పరిష్కారము. శబ్దము సన్నని కొనవద్ద ప్రవేశించి లోపలికి పోవుకొలది హఠాత్తుగా ఎచ్చటను అడ్డు తగులక క్రమముగా పీచులో చిక్కి వేడిగా మారిపోవును. 1940లో జర్మనీలో మేయరు, ఆయన సహచరులు ఇట్టి గదిని వర్ణించిరి. 1943లో హార్వర్డులో బెరానెక్ నాయకత్వమున యుద్ధకాలపు అవసరములకై పెద్ద గది నిర్మింపబడెను. 1946లో బెరానెక్, స్లీపరు దాని నిర్మాణ విధానమును ప్రకటించిరి. నేలకు కూడ ఆ మేకులే ఉండును గనుక, మనిషి తీగెల వలపై నడువవలెను.

మంచి గదిలో గోడపై పడిన శబ్దశక్తిలో 99 శాతమునకు పైగా మాయమగును. కాని ఏ పౌనఃపున్యము వరకు? మేకు పొడవు సుమారు పావు తరంగదైర్ఘ్యమైన ఉండవలెను. 100 హెర్ట్జులకు 90 సెంటీమీటర్లు చాలును. 20 హెర్ట్జుల వద్ద తరంగదైర్ఘ్యము 17 మీటర్లు దాటును. దానికి మేకు పొడవే నాలుగు మీటర్లకు పైగా కావలెను. అన్ని గోడలకు, పైకప్పునకు, నేలకు అంతంత మందము పోగా లోపల మిగులు చోటునకై ఎంత భవనము కట్టవలెనో ఊహింపుడు. అందుచేత ప్రతి గదికి ఒక హద్దు కలదు. ఆ హద్దుకు దిగువ అది కూడ మామూలు గదియే.

కాలముతో కత్తిరించుట

గదిని జయించుటకు మూడవ మార్గము కాలమునుండి వచ్చెను. నేలకు తగిలిన శబ్దము 1.6 మీటరు ఎక్కువ నడచినదని చూచితిమి గదా. అనగా అది నేరు శబ్దము తరువాత సుమారు నాలుగున్నర మిల్లీసెకండ్లకు చేరును. ఆ లోపల చేరినదంతయు లౌడుస్పీకరుదే. కనుక నాలుగున్నర మిల్లీసెకండ్లు మాత్రము విని, ఆపై చెవి మూసికొన్నచో గోడలు లేనట్లే!

1967లో అమెరికాలో రిచర్డ్ హేసర్ అను ఇంజనీరు, క్రమముగా పెరుగుచున్న స్వరమును పంపి, దానిని వెంబడించు వడపోతతో ఆలస్యముగా వచ్చినవానిని తొలగించు పద్ధతిని ప్రకటించెను. అంతకు రెండేండ్ల ముందే, 1965లో, కూలీ, టూకీ అనువారు ఫోరియర్ విశ్లేషణను కంప్యూటరుపై అతి త్వరగా చేయు విధమును తెలిపియుండిరి. 1977లో బెర్మన్, ఫించం అనువారు ఇంగ్లండులోని కెఫ్ సంస్థలో కంప్యూటరు సహాయముతో లౌడుస్పీకర్లను కొలిచిన విధమును వివరించిరి. 2000లో ఇటలీకి చెందిన ఫరీనా ప్రకటించిన స్వరారోహణ పద్ధతిలో లౌడుస్పీకరు చేయు వక్రీకరణము కూడ విడిగా బయటపడును. నేడు ఒక సాధారణ కంప్యూటరు, ఒక పరీక్షింపబడిన మైక్రోఫోను ఉన్నచో ఈ పనులన్నియు ఇంటివద్ద చేయవచ్చును.

అయినను ఉచితముగా ఏదియు లభింపదు. నాలుగున్నర మిల్లీసెకండ్లలో 219 హెర్ట్జుల స్వరము ఒక్క చుట్టు మాత్రమే పూర్తిచేయును. అంతకు తక్కువ స్వరములను గూర్చి ఆ కొలత ఏమియు చెప్పజాలదు. ఈ లోటును తీర్చినది 1974లో డాన్ కీల్ చూపిన పద్ధతి. మైక్రోఫోనును శంకువునకు దాదాపు తగులునంత దగ్గరగా ఉంచినచో నేరు శబ్దము ఎంతో ప్రబలమై గది శబ్దము లెక్కలోనికి రాదు. 20 సెంటీమీటర్ల వ్యాసముగల శంకువునకు ఇది సుమారు 500 హెర్ట్జుల వరకు చెల్లును. తగ్గు స్వరములను దగ్గరగా, హెచ్చు స్వరములను కాలముతో కత్తిరించి కొలిచి, రెండు గీతలను నడుమ అతికింతురు.

ఒక గీత చాలదు

ఇంతవరకు ఎదురుగా నిలిచి కొలిచితిమి. కాని లౌడుస్పీకరు అన్ని దిక్కులకును పలుకును, అన్ని దిక్కులకును ఒకే తీరుగా పలుకదు. తగ్గు స్వరములు చుట్టును వ్యాపించును. హెచ్చు స్వరములు టార్చిలైటు వెలుగువలె ముందుకే పోవును. బాకా ఎదుట కూర్చున్నవానికి చెవులు హోరెత్తగా ప్రక్కనున్నవానికి మాట తెలియకపోవుట మనము చూచునదే.

కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ తెరచాటున లౌడుస్పీకర్లను ఉంచి శ్రోతలచేత మార్కులు వేయించెను. 1985, 1986 సంవత్సరములలో ప్రకటించిన ఫలితములలో, ఎదుటనే గాక ప్రక్కలకు కూడ ఒడిదుడుకులు లేక పలుకు లౌడుస్పీకర్లనే శ్రోతలు మెచ్చుకొనిరని తేలెను. ఈ పరిశోధనల ఫలితముగా 2013లో అమెరికాలో వెలువడిన ప్రమాణము ప్రకారము, పది డిగ్రీల కొకటి చొప్పున అడ్డముగాను నిలువుగాను చుట్టును మొత్తము 70 కొలతలు తీయవలెను.

దీనికి ఇంకొక మెట్టు పైన ఒక విచిత్రమైన ఉపాయము కలదు. 1980లో మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వైన్‌రైక్, ఆర్నాల్డ్ అనువారు వయొలిను శబ్దమును పరిశోధించుచు, వస్తువు చుట్టును రెండు గోళములపై కొలిచినచో బయటికి పోవు అలలను, గోడనుండి లోపలికి వచ్చు అలలను గణితముతో విడదీయవచ్చునని చూపిరి. వయొలినుకై పుట్టిన ఈ గణితమును తరువాత జర్మనీలో డ్రెస్డెన్ నగరమందలి క్లిప్పెల్ సంస్థ లౌడుస్పీకర్లకు అన్వయించినది. మర వంటి చేయి ఒకటి మైక్రోఫోనును పట్టుకొని లౌడుస్పీకరు చుట్టును వందలాది బిందువులవద్ద కొలుచును. మామూలు గదిలోనే ప్రతిధ్వని లేని గదికి దీటైన ఫలితము వచ్చును.

ఇవన్నియు చల్లని యంత్రమును గూర్చిన మాట. గంటలకొలది మ్రోగినచో తీగచుట్ట వేడెక్కును. రాగితీగ నిరోధము ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగును. 100 డిగ్రీలు వేడెక్కినచో విద్యుత్ప్రవాహము నాలుగింట ఒక వంతునకు పైగా తగ్గి, శబ్దము ఇంచుమించు 3 డెసిబెళ్ళు పడిపోవును. రాత్రంతయు మ్రోగు లౌడుస్పీకరు సాయంకాలము కొలిచిన లౌడుస్పీకరు కాదు.

మన దేశములో కృషి

మన దేశములో ధ్వనిశాస్త్రమును ఒక ఇంజనీరింగు విద్యగా పెంచినవారిలో ముఖ్యులు ఆచార్య బి. ఎస్. రామకృష్ణ. మృదంగము, తబల వంటి వాద్యములలో నడుమ కరణి పూసిన చర్మము ఏ విధముగా కంపించునో 1954లో సోంధీతో కలిసి గణితరీత్యా వివరించిరి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ధ్వని, భాషణ శాస్త్రములలో పరిశోధన సాగించి, 1980 నుండి 1986 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. ఆ బెంగుళూరు శాఖలోనే ధ్వనిశాస్త్రము బోధించిన బిష్ణు అటల్ 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు వెళ్ళి భాషణ శాస్త్రములో జగత్ప్రసిద్ధులైరి.

శబ్దము వినబడుట వేరు, మాట తెలియుట వేరు. మన భాషలో మాటలు చాలవరకు అచ్చులతో ముగియును. అచ్చులు బలముగా పలుకును, హల్లులు మెల్లగా పలుకును. ‘గాలి’, ‘జాలి’, ‘పాలి’ అను మాటలలో దూరమునకు చేరునది ‘ఆలి’ మాత్రమే. తేడా తెలిపెడి హల్లు 1,000 నుండి 4,000 హెర్ట్జుల ప్రాంతమున ఉండి, అనురణనములోనో గాలిహోరులోనో కలిసిపోవును. దీనిని కూడ అంకెతో చెప్పుటకు 1970 దశకపు తొలినాళ్ళలో నెదర్లాండ్సుకు చెందిన హౌట్‌గాస్ట్, స్టీనెకెన్ ఒక సూచికను రూపొందించిరి. అది సున్ననుండి ఒకటివరకు ఉండును. ఒకటికి దగ్గరైనకొలది మాట స్పష్టము.

అంకె తప్పైనచో

ఒక బాకా లౌడుస్పీకరు 1 వాటుకు, 1 మీటరు దూరమున 110 డెసిబెళ్ళు పలుకునని దాని కాగితముపై ఉన్నదనుకొందము. 30 వాట్లిచ్చినచో సుమారు 125 డెసిబెళ్ళు. ఆరుబయట దూరము రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెళ్ళు తగ్గును. ఆ లెక్కన 100 మీటర్ల వద్ద 85, 800 మీటర్ల వద్ద 67 డెసిబెళ్ళు ఉండవలెను. అసలు విలువ 110 గాక 100 మాత్రమే అయినచో ఏమగును? 800 మీటర్లకు అందునన్న శబ్దము 250 మీటర్లకే పరిమితమగును. విస్తీర్ణములో చూచినచో పదింట ఒక వంతు ఇండ్లకే హెచ్చరిక అందును. ఇది చెట్లు, గాలిహోరు, వర్షము లెక్కింపకయే వచ్చిన ఫలితము. అంతేకాదు, వాట్లు రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెళ్ళే. వాట్లను చూచి లౌడుస్పీకరును కొనుట, బండిని చూడక ఎద్దుల తూకము చూచి కొనుట వంటిది.

రెండవ వైపు కూడ కలదు. భారత ప్రభుత్వము 2000లో చేసిన శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. లౌడుస్పీకరు వాడు బహిరంగ ప్రదేశపు సరిహద్దువద్ద శబ్దము ఆ పరిమితికి 10 డెసిబెళ్ళకన్న గాని, మొత్తము 75 డెసిబెళ్ళకన్న గాని, ఏది తక్కువైన దానిని మించరాదు. ఈ కొలతను చెవికి తగినట్లు తూకము వేసిన మీటరుతో తీయుదురు. ఆ తూకములో 100 హెర్ట్జుల స్వరమును 19 డెసిబెళ్ళు తక్కువచేసి లెక్కింతురు. కనుక గోడలను అదరగొట్టు తగ్గు స్వరములు మీటరులో చిన్నవిగానే కనబడవచ్చును. మీటరును గోడకు ఆనించి పట్టినచో పరావర్తనమువలన అంకె పెరుగును. ఎచ్చట, ఎంత ఎత్తున, ఎట్లు కొలిచిరో చెప్పని డెసిబెలు అంకెకు విలువ లేదు. పరీక్ష పిల్లల చదువునకు, రోగుల నిద్రకు సంబంధించిన వివాదములలో ఈ సంగతి తెలిసియుండుట ఉభయపక్షములకును అవసరము.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక చిన్న లౌడుస్పీకరు, శబ్దమును కొలుచు మీటరు, లేక అట్టి సౌకర్యముగల చేతిఫోను చాలును. ఫోను చూపు అంకె నిజమైన డెసిబెలు కాకపోవచ్చును గాని తేడాలను చూచుటకు పనికివచ్చును. శబ్దమును తనంతట తానే హెచ్చించి తగ్గించు ఏర్పాటు ఫోనులో ఉన్నచో దానిని ముందుగా ఆపవలెను. జలపాతపు హోరువంటి ఏకరీతి శబ్దమును మ్రోయింపుడు. మొదట ఆటస్థలమున, లౌడుస్పీకరును ఒక బల్లపై పెట్టి 1, 2, 4, 8 మీటర్ల దూరములలో అంకెలను వ్రాసికొనుడు. పిదప శబ్దమును మార్చక తరగతిగదిలో అదే పని చేయుడు.

ఆటస్థలమున ప్రతి రెట్టింపునకు ఇంచుమించు 6 చొప్పున అంకె తగ్గుచుండును. గదిలో మొదట కొంత తగ్గి, తరువాత ఎంత దూరము పోయినను దాదాపు ఒకే అంకెవద్ద నిలిచిపోవును. అచ్చటినుండి మీరు కొలుచుచున్నది లౌడుస్పీకరును కాదు, గదిని. లౌడుస్పీకరును ఆపి, వెనుకనున్న సహజమైన రొదను కూడ కొలువుడు. రెంటికిని 10 డెసిబెళ్ళ తేడా ఉన్నచో తప్పు అర డెసిబెలు లోపుననే ఉండును. తేడా లేకున్నచో ఆ అంకెను కొట్టివేయుడు. రెండు పట్టికలను ఒకే గ్రాఫు కాగితముపై గీచి విద్యార్థులచేత సరిపోల్పింపుడు. ఆ పిమ్మట మీ గ్రామములో హెచ్చరికలకు వాడు లౌడుస్పీకరు ఉన్నచోటికి వెళ్ళి, చివరి ఇంటివద్ద మాట తెలియుచున్నదా లేదా అని ఒక నిశ్శబ్దమైన ఉదయమున పంచాయతీవారి అనుమతితో పరీక్షించి, ఆ ఫలితమును వారికి వ్రాసి ఇచ్చినచో పాఠము గ్రామమునకు కూడ ఉపయోగపడును.